టీవీ మీద పరిశోధన చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీ మీద డిసర్టేషనో, పీహెచ్‌డీనో చేద్దామనుకునే పిల్లలు జర్నలిజం, తెలుగు, సోషియాలజీ శాఖల నుంచి ఏటా ఫోన్ చేస్తుంటారు. అడిగేవాళ్లు మారుతున్నారు కానీ సందేహాలు మారడం లేదు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు, మొదటినుంచీ చదవక్కర్లేదు.

## అంశం తేల్చుకునే ముందు

"మహిళలపై టీవీ సీరియళ్ల ప్రభావం" అనే టాపిక్ తీసుకోవచ్చా?

ఇలా ఉన్నదున్నట్టు తీసుకుంటే రెండేళ్ల తర్వాత మీరే బాధపడతారు. అందులో ప్రతి మాటా వదులుగా ఉంది. ఏ సీరియళ్లు? ఏ ఊరి, ఏ వయసు, ఏ పని చేసుకునే మహిళలు? అన్నిటికంటే చిక్కు "ప్రభావం" అనే మాటతోనే. ఫలానా మార్పు టీవీ వల్లే వచ్చిందని రుజువు చేయాలంటే, టీవీ లేనప్పుడు వాళ్లు ఎలా ఉండేవారో తెలియాలి. ఈ రోజు తెలుగునాట అలాంటి ఊరు మీకు దొరకదు.

ప్రశ్నను నేలమీదకి దించండి. "ఒక మండలంలోని కొత్త కోడళ్లు రాత్రి సీరియల్లో వచ్చే అత్తాకోడళ్ల గొడవ గురించి ఎవరితో, ఎలా మాట్లాడుకుంటారు?" అన్నారనుకోండి. ఇందులో ప్రభావం అనే మాటే లేదు. అయినా సీరియల్ వాళ్ల బతుకులో ఏ చోట నిలబడిందో దీంతోనే బయటపడుతుంది.

టీవీ మీద పరిశోధన అంటే కార్యక్రమాలు చూసి రాయడమే కదా?

అది ఒక వైపు మాత్రమే. తెర మీద ఏం వస్తోంది, దాన్ని ఎవరు ఏ ఒత్తిళ్ల మధ్య తయారు చేస్తున్నారు, ఇంట్లో దాన్ని ఎవరు ఎలా చూస్తున్నారు అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఎపిసోడ్లు ఎంత శ్రద్ధగా చూసినా చూసేవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. చూసేవాళ్లని ఎంత అడిగినా, నాలుగు నెలల్లో ముగియాల్సిన కథ నాలుగేళ్లు ఎందుకు సాగిందో తెలియదు. దానికి రచయిత దగ్గరికి, ఛానల్ ఫిక్షన్ హెడ్ దగ్గరికి, సెట్టులో అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూడింటినీ ఒక్క థీసిస్‌లో పెట్టాలని చూడకండి. ఒకటి ఎంచుకుని, మిగతా రెండూ మీ పరిధిలో లేవని రాసెయ్యండి.

ఇంకో సంగతి. బ్రిటన్‌కు చెందిన రేమండ్ విలియమ్స్ 1974లోనే చెప్పాడు: టీవీలో విడివిడి కార్యక్రమాల కంటే వాటిని కలిపే "ప్రవాహం" ముఖ్యమని. సీరియల్, మధ్యలో సబ్బు ప్రకటన, కింద స్క్రోలింగ్, తర్వాతి సీరియల్ ప్రోమో, ఇవన్నీ కలిసే ఇంట్లోకి వస్తున్నాయి. ప్రకటనలు కత్తిరించిన ఎపిసోడ్ మాత్రమే చూసి రాసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడంతా ఫోన్‌లోనే చూస్తున్నారు. టీవీ మీద పరిశోధనకి కాలం చెల్లిపోలేదా?

లేదు. అదే సీరియల్‌ని అమ్మ హాల్లో చూస్తుంది, కూతురు మర్నాడు బస్సులో యాప్‌లో చూస్తుంది. ఈ తేడాయే మంచి టాపిక్.

## పద్ధతి తేల్చుకునేటప్పుడు

క్వాంటిటేటివా, క్వాలిటేటివా? మా గైడ్ రెండూ కలపమంటున్నారు. ఎలా?

ముందు ప్రశ్న చూడండి. "ఎంత, ఎన్నిసార్లు, ఎంతమంది" అని అడుగుతుంటే లెక్క కావాలి. "ఎలా, ఎందుకు, ఏమనుకుని" అని అడుగుతుంటే మాట కావాలి. కలపడం మంచిదే. కానీ సర్వే చివర రెండు ఇంటర్వ్యూలు అతికిస్తే కలిపినట్టు కాదు.

మన దగ్గరే జరిగిన సైట్ (ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు అందించే) ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, నాసా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకి ఇస్రో టీవీ కార్యక్రమాలు అందించింది. మనకి తెలుగులోనే వచ్చేవి. ప్రసారాలకి ముందు, నడుస్తుండగా, ముగిశాక పెద్ద సర్వేలు జరిగాయి. వాటితోపాటు మానవశాస్త్రం చదివిన పరిశోధకులు కొన్ని ఊళ్లలో కాపురముండి, టీవీ పెట్టె ముందు జనం ఎలా కూర్చున్నారో, ఎవరు రాలేకపోయారో రాసుకున్నారు. సర్వే ఎంతమందికి కొత్త విషయం తెలిసిందో చెబుతుంది. ఊళ్లో ఉన్న మనిషి అది ఎందుకు తెలిసిందో, ఎవరికి ఎందుకు తెలియలేదో చెబుతాడు. ఒకటి మిగిల్చిన ఖాళీని రెండోది పూరించేలా ఉంటేనే కలపండి.

సీరియళ్లు ఎక్కువ చూసేవాళ్లలో పాతకాలపు భావాలు ఎక్కువని నా సర్వేలో తేలింది. సీరియళ్ల వల్లే అని రాయొచ్చా?

రాయకూడదు. ఎక్కువ సేపు టీవీ చూసేవాళ్లు ఎవరు? ఇంట్లో ఉండేవాళ్లు, వయసు పైబడినవాళ్లు, బయటికి వెళ్లి పనిచేసే వీలు లేనివాళ్లు. ఆ భావాలు వయసు వల్లో, చదువు వల్లో, గడప దాటనివ్వని ఇంటి వల్లో వచ్చి ఉండొచ్చు. పాత భావాలున్నవాళ్లే అలాంటి సీరియళ్లు ఏరుకుని చూస్తూ ఉండొచ్చు కూడా. "రెండూ కలిసి కనిపిస్తున్నాయి" అని రాయండి, అక్కడ ఆగండి.

కారణం దాకా వెళ్లాలంటే ఏం చేయాలో చూపిన పని ఒకటుంది. రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు తమిళనాడు, బీహార్, హర్యానా, గోవా, ఢిల్లీలలో 2001 నుంచి 2003 వరకు అవే కుటుంబాలని మళ్లీ మళ్లీ అడిగారు. ఆ మధ్యకాలంలో కొన్ని ఊళ్లకి కేబుల్ కొత్తగా వచ్చింది, కొన్నిటికి రాలేదు. కేబుల్ వచ్చిన ఊళ్లలో భార్యని కొట్టడం తప్పు కాదనే మాట తగ్గింది, మగపిల్లాడే కావాలనే కోరిక తగ్గింది. 2009లో అచ్చయిన ఈ ఫలితం మీ సర్వే ఫలితానికి ఎదురుగా ఉంది కదా? అందుకే తొందరపడొద్దంటున్నాను.

కల్టివేషన్ థియరీ పెట్టమన్నారు. నా టాపిక్ ఒకే ఒక్క సీరియల్. సరిపోతుందా?

సరిపోదు. జార్జ్ గెర్బ్‌నర్ 1960ల చివర అమెరికాలో మొదలుపెట్టిన ఆ ఆలోచన, ఏళ్ల తరబడి మొత్తం టీవీని చూడటం వల్ల లోకం గురించి ఏర్పడే అభిప్రాయం గురించినది. ఒక సీరియల్‌కి దాన్ని తొడిగితే చొక్కా భుజాలు దాటిపోతుంది. ఒక సీరియల్‌ని జనం తలా ఒక రకంగా ఎందుకు అర్థం చేసుకుంటారన్నది మీ ప్రశ్న అయితే, 1973లో స్టువర్ట్ హాల్ ఇచ్చిన ఎన్‌కోడింగ్, డీకోడింగ్ నమూనా (తయారుచేసేవాళ్లు ఒక అర్థం పెడతారు, చూసేవాళ్లు తమకు తోచిన అర్థం తీసుకుంటారు అనేది) దగ్గరగా ఉంటుంది. థియరీ అధ్యాయం రాసేసి, విశ్లేషణలో దాని పేరైనా ఎత్తని థీసిస్‌లు చాలా చూశాను. అలా అయితే థియరీ పెట్టకపోవడమే నయం.

డబ్బింగ్ సీరియల్‌ని తెలుగు సీరియల్‌గా లెక్కించాలా?

మాటలే మీ అంశమైతే లెక్కించండి. ఇల్లు, బట్టలు, పెళ్లి తంతు మీ అంశమైతే వద్దు. రీమేక్ అయితే విడిగా గుర్తుపెట్టి ఉంచండి.

## ఎపిసోడ్లు సేకరించి కోడింగ్ (చూసినదాన్ని కేటగిరీల వారీగా గుర్తించి లెక్కరాయడం) చేసేటప్పుడు

పాత కార్యక్రమాలు ఎక్కడ దొరుకుతాయి?

చాలావరకు దొరకవు. ఆ సంగతి ముందే ఒప్పుకుని టాపిక్ పెట్టుకోండి. టేపు ఖరీదైన రోజుల్లో ప్రపంచమంతటా దాన్ని చెరిపి మళ్లీ వాడారు. బీబీసీ అంతటి సంస్థ కూడా 1960ల నాటి ఎన్నో కార్యక్రమాలు ఇలాగే పోగొట్టుకుంది. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1968 ఆగస్టు నుంచి జాతీయ వార్తా బులెటిన్లు రికార్డు చేసి భద్రపరుస్తోంది. తెలుగు వార్తలకి అలాంటి పని ఎవరూ చేసిపెట్టలేదన్నది నాకు నిజంగా బాధగా ఉంటుంది. మన ఛానళ్లు 90 రోజుల రికార్డు ఉంచుకోవాలన్న నిబంధన ఉంది కానీ అది ప్రభుత్వం అడిగితే చూపించడానికి. పరిశోధకులకి ఇవ్వాలని అందులో లేదు.

కార్యక్రమం దొరకనప్పుడు దాని జాడలు పట్టుకోండి. దినపత్రికల్లో రోజూ అచ్చయిన టీవీ కార్యక్రమాల పట్టిక, వారపత్రికల్లో పాఠకుల ఉత్తరాలు, నటుల దగ్గర మిగిలిన స్క్రిప్టు కాగితాలు, ఫోటోలు ఉంటాయి. 1977 అక్టోబర్ 23న మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ తొలి ఏళ్ల గురించి రాయాలంటే, నా మట్టుకు లైబ్రరీలో పాత పేపర్ల బైండులే మొదటి మెట్టు.

ఛానల్ వాళ్ల యూట్యూబ్‌లో ఉన్న వీడియోలు చాలవా?

సీరియల్ కథకి పనికొస్తాయి. వార్తలకి ప్రమాదం. బులెటిన్ మొత్తం పెట్టరు, ఎక్కువమంది చూస్తారనుకున్న ముక్కలే పెడతారు, కొన్నిటిని తర్వాత తీసేస్తారు, శీర్షిక మారుస్తారు. వాటిని లెక్కపెట్టి "ఛానల్ నేర వార్తలకి ఇంత శాతం ఇచ్చింది" అంటే తప్పు. ఛానల్ ఏవి ఏరి నెట్‌లో పెట్టిందన్నదే మీరు లెక్కపెట్టినట్టు. కావాలంటే టీవీకి రికార్డర్ తగిలించి మీరే రికార్డు చేసుకోండి.

మూడు నెలల రాత్రి బులెటిన్లలో ఎన్ని రోజులవి తీసుకోవాలి?

వరసగా ఒక వారం తీసుకుంటే, ఆ వారమే తుపాను వచ్చిందనుకోండి, మీ ఫలితమంతా తుపానే. అందుకని కట్టిన వారం వాడతారు. మూడు నెలల్లోని సోమవారాలన్నీ చీటీలు రాసి ఒకటి తీయాలి, మంగళవారాల నుంచి ఒకటి, అలా ఆదివారం దాకా. రెండు అలాంటి వారాలు ఏడాదికి సరిపోతాయని పుస్తకాల్లో ఉంటుంది, కానీ ఆ లెక్క దినపత్రికల మీద తేలినది. టీవీకి యథాతథంగా తెచ్చుకోకండి. ఎక్కువ తీసుకోగలిగితే తీసుకోండి.

కోడింగ్ షీట్‌లో "హింస ఉందా, లేదా" అని పెట్టాను. అంతే కదా?

అంతే అనుకుంటారు, మొదటి ఎపిసోడ్‌లోనే ఆగిపోతారు. ఒక దృశ్యం చూద్దాం. అత్త కోడల్ని చెంపదెబ్బ కొట్టబోతుంది, చెయ్యి గాల్లో ఆగిపోతుంది, కెమెరా ముగ్గురి మొహాల మీదికి మూడేసిసార్లు వెళుతుంది. దెబ్బ పడలేదు. ఇది హింసా? తర్వాత చూస్తే అదంతా ఆడపడుచు ఊహ. ఊహలో దెబ్బని లెక్కించాలా? ఆ తర్వాత పాలల్లో ఏదో పొడి కలుపుతారు, ఎవరూ తాగరు. చివర్లో మామగారు గొంతు పెంచకుండానే "ఈ ఇంట్లో నీకు చోటు లేదు" అంటాడు. నన్నడిగితే ఈ నాలుగిటిలో అన్నిటికంటే క్రూరమైనది అదే, కానీ శారీరక బలం వాడితేనే హింస అనే నిర్వచనం పెట్టుకుంటే అది లెక్కలోకే రాదు.

కాబట్టి ముందు యూనిట్ తేల్చండి: ఎపిసోడా, దృశ్యమా, ఒక్కొక్క చర్యా? తర్వాత ప్రతి కేటగిరీకి ఒక నిర్వచనం, "ఇది వస్తుంది" అని రెండు ఉదాహరణలు, "ఇది రాదు" అని రెండు ఉదాహరణలు రాయండి. ఊహ, కల, ఫ్లాష్‌బ్యాక్, గత ఎపిసోడ్ రీక్యాప్, వీటికి విడిగా నియమం పెట్టండి. రీక్యాప్ మర్చిపోతే ఒకే చెంపదెబ్బ రెండు రోజులు లెక్కకొస్తుంది. అసలు శాంపిల్‌లో లేని నాలుగైదు ఎపిసోడ్ల మీద ఈ కోడ్‌బుక్‌ని వాడి చూసి, దిద్దుకుని, అప్పుడు మొదలుపెట్టండి. మొదలుపెట్టాక నియమం మారిస్తే చేసినవన్నీ మళ్లీ చేయాల్సిందే.

ఇద్దరు కోడర్లు 84 శాతం ఒకేలా రాశారు. సరిపోతుందా?

ఆ అంకె ఒక్కటే చూసి సంతోషపడకండి. వంద వార్తల్లో "మహిళ గొంతు వినిపించిందా" అని కోడ్ చేశారనుకుందాం. ఇద్దరూ చెరో 90కి "లేదు", చెరో 10కి "ఉంది" అని రాశారు. అయితే "ఉంది" అని ఇద్దరూ కలిసి గుర్తించినవి రెండే. 82 చోట్ల ఇద్దరూ "లేదు" అన్నారు కాబట్టి మొత్తం 84 కలిశాయి. కానీ ఇద్దరూ వీడియో చూడకుండా అదే నిష్పత్తిలో గుడ్డిగా టిక్కులు పెట్టినా 82 కలుస్తాయి. యాదృచ్ఛికంగా కలిసిన భాగం తీసేసే కోహెన్ కప్పా ఇక్కడ 0.11 వస్తుంది, అంటే దాదాపు ఏమీ లేదు. ఇలాంటిదే మరో కొలత క్రిప్పెన్‌డార్ఫ్ ఆల్ఫా వాడితే 0.80 దాటాలని, 0.667 కంటే తగ్గితే ఆ కేటగిరీని నమ్మొద్దని క్రిప్పెన్‌డార్ఫ్ సూచన. మీ పరిశోధనకి ప్రాణమైన అరుదైన సంగతి దగ్గరే కోడర్లు విడిపోతారు. శాతం దాన్ని దాచేస్తుంది.

## ఇళ్లకి వెళ్లేటప్పుడు

మేడమ్, "రోజుకి ఎన్ని గంటలు టీవీ చూస్తారు" అని అడిగితే అందరూ "అరగంట" అంటున్నారు. ఏం చేయాలి?

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తప్పు మన క్రియాపదంలో ఉంది. "చూడటం" అంటే వాళ్లకి పని మానేసి కూర్చుని చూడటం. అది తీరికున్నవాళ్లు చేసే పని, కాస్త సిగ్గుపడే పని కూడా. రాయలసీమలో ఒక ఇంట్లో నేను ఇదే ప్రశ్న అడిగితే, ఆ ఇల్లాలు చింతపండులో గింజలు తీస్తూ "టీవీ చూసే తీరిక మాకెక్కడిది తల్లీ" అంది. ఆవిడ వెనక టీవీ పొద్దున భక్తి కార్యక్రమం నుంచి మోగుతూనే ఉంది. మాట్లాడుతుండగా సీరియల్లో ఒక పాత్ర వచ్చే ముందు మోగే సంగీతం వినపడింది. చేతిలో చింతపండు వదలకుండానే ఆవిడ తల తిప్పి, తెర వైపు ఒక్క చూపు చూసి, "వచ్చింది మహాతల్లి" అని మళ్లీ గింజల్లో పడింది. ఆ సీరియల్ కథ ఆది నుంచి ఆవిడకి తెలుసు. చూసేది చెవితో.

అందుకే గంటలు అడగకండి. నిన్నటి రోజు అడగండి. "నిన్న లేవగానే ఏం చేశారు? అప్పుడు టీవీ పెట్టి ఉందా? ఎవరు పెట్టారు? మీరు ఏ గదిలో ఉన్నారు? ఏం పని చేస్తున్నారు?" ఇలా రాత్రి పడుకునే దాకా నడిపించండి. "పెట్టి ఉండటం", "వింటూ ఉండటం", "కూర్చుని చూడటం" మూడు వేరే గడులుగా రాసుకోండి. ఒక్కొక్కరికి నలభై నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి.

ఇంట్లో నేను కూర్చుంటే వాళ్లు మామూలుగా ఉండరు కదా?

మొదటి రెండు మూడు సార్లు ఉండరు. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, మీకోసం వార్తలు పెడతారు. నాలుగోసారికి రిమోట్ గొడవ మీ ముందే జరుగుతుంది. ఆ మొదటి రోజుల నోట్సు పారేయకండి, మర్యాదస్తుల ముందు ఏ ఛానల్ పెడతారన్నది కూడా సమాచారమే. బ్రిటన్ పరిశోధకుడు డేవిడ్ మోర్లీ 1980లో అచ్చయిన తన అధ్యయనంలో బీబీసీ కార్యక్రమాన్ని 29 బృందాలకి ఇంటి బయట చూపించి మాట్లాడించాడు. అసలు టీవీ చూసేది ఇంట్లో కదా అని తర్వాత లండన్‌లో 18 కుటుంబాల దగ్గరికి వెళ్లాడు. రిమోట్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అప్పుడే పైకొచ్చింది.

శాంపిల్ 384 పెట్టమన్నారు. గూగుల్ ఫామ్‌తో 384 పూర్తి చేశాను. ఓకేనా?

384 అనేది జనాభా మొత్తం నుంచి లాటరీ తీసినట్టు మనుషుల్ని ఎంచుకున్నప్పుడు, 95 శాతం నమ్మకంతో అటూఇటూ 5 శాతం తేడాలో ఫలితం రావడానికి కావాల్సిన సంఖ్య. వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంపితే నింపినవాళ్లకి ఆ లెక్క వర్తించదు, 3,840 మంది నింపినా వర్తించదు. ఫామ్ నింపగలిగినవాళ్లంతా ఫోను, చదువు, తీరిక ఉన్నవాళ్లు. మీ సీరియల్ ప్రేక్షకుల్లో పెద్ద భాగం అక్కడే బయట ఉండిపోయారు. ఉన్న డేటా పారేయక్కర్లేదు. "అందుబాటులో ఉన్నవారి శాంపిల్" అని నిజం రాసి, రాష్ట్రం మొత్తానికి వర్తింపజేయడం మానెయ్యండి.

ఫోకస్ గ్రూప్‌లో (కొందరిని కలిపి కూర్చోబెట్టి ఒక విషయం మీద మాట్లాడించేటప్పుడు) ఎవరినైనా కూర్చోబెట్టొచ్చా?

అత్తనీ కోడల్నీ ఒకే గ్రూపులో కూర్చోబెట్టకండి. ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. ఒకరి ఇంటి వసారా అయితే హోటల్ హాలు కంటే వంద రెట్లు మేలు.

పాత రోజుల టీవీ గురించి అడిగితే ఏళ్లు తప్పు చెబుతున్నారు. ఆ ఇంటర్వ్యూలు వాడొచ్చా?

వాడండి. సంవత్సరం అడగడం మానెయ్యండి. అందరికీ గుర్తున్న ఘటనలకి ముడిపెట్టండి: "మనం క్రికెట్ ప్రపంచకప్ గెలిచినప్పుడు (1983) మీ వీధిలో టీవీ ఉందా? ఆదివారం పొద్దున రామాయణం వచ్చేటప్పటికి (1987) సొంత టీవీ కొన్నారా? పెద్దమ్మాయి పుట్టిందా అప్పటికి?" ఇలా అడిగితే తేదీ తనంతట వస్తుంది. ఎవరి ఇంటికి వెళ్లి చూసేవారు, లోపల కూర్చోనిచ్చేవారా, కిటికీ దగ్గర నిలబడేవారా అనేది తప్పక అడగండి. మన ఊళ్లలో ఆ జవాబులో కులం ఉంటుంది. వాళ్లు చెప్పదలచుకుంటేనే రాసుకోండి.

## రేటింగుల దగ్గర

టీఆర్పీ అంకెలు థీసిస్‌లో వాడొచ్చా?

వాడొచ్చు, అవి ఏం కొలుస్తాయో చెప్పి వాడాలి. 2015 నుంచి బార్క్ ఇండియా ఈ లెక్కలు ఇస్తోంది. ఛానల్ ఆడియోలో మన చెవికి వినిపించని గుర్తు కలుపుతారు, ఎంపిక చేసిన ఇళ్లలోని మీటరు దాన్ని పట్టుకుంటుంది. టీవీ ముందు ఎవరున్నారో చెప్పడానికి ఇంట్లోవాళ్లు తమ బటన్ నొక్కాలి. దేశం మొత్తానికి ఆ ఇళ్లు 50,000 పైచిలుకు. కోట్ల ఇళ్లకి ఇది చాలా అని పిల్లలు ఆశ్చర్యపోతారు. శాంపిల్‌గా పెద్ద ఛానళ్లకి చాలు. చిన్న ఛానల్‌కి, ఒక జిల్లాకి, అర్ధరాత్రి కార్యక్రమానికి మాత్రం అంకె ఊగిపోతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలని కలిపి ఒకే మార్కెట్‌గా చూపిస్తారు కాబట్టి బయటికిచ్చే జాబితాతో రెండు రాష్ట్రాలని పోల్చలేరు. వార్తా ఛానళ్ల మీద పనిచేసేవాళ్లకి ఇంకో జాగ్రత్త: రేటింగుల అక్రమాల ఆరోపణలు వచ్చాక 2020 అక్టోబర్‌లో వార్తా ఛానళ్ల అంకెలు ఆపేశారు, 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్య ఖాళీని గ్రాఫులో గీత గీసి కలిపెయ్యకండి.

రేటింగు చెప్పనిది ఒకటుంది. టీవీ ముందు ఎవరున్నారో చెబుతుంది, ఇష్టపడి చూశారో తిట్టుకుంటూ చూశారో చెప్పదు. 1980ల మొదట్లో నెదర్లాండ్స్‌లో ఇయెన్ ఆంగ్ అనే పరిశోధకురాలు ఒక మహిళా పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చి, "డల్లాస్" అనే అమెరికన్ సీరియల్ మీకెందుకు నచ్చుతుందో, నచ్చదో రాయమంది. వచ్చినవి 42 జవాబులు. ద్వేషిస్తూ కూడా వదలకుండా చూసేవాళ్లు వాటిలో కనిపించారు. మీటరులో వాళ్లంతా ఒకే బటన్.

## రాసి, అప్పజెప్పేటప్పుడు

ఇంటర్వ్యూలని శిష్టభాషలోకి మార్చి రాయాలా?

వద్దు. "సీరియల్ పెట్టుకుంటం", "ఆమెను జూస్తే మా అత్త యాదికొస్తది" అన్న మాటని "ఆ పాత్ర నాకు మా అత్తగారిని గుర్తుచేస్తుంది" అని మారిస్తే మనిషి పోతుంది. థీసిస్ ఇంగ్లిష్‌లో అయితే తెలుగు మూలం అనుబంధంలో పెట్టండి.

స్క్రీన్‌షాట్లు వేస్తే కాపీరైట్ సమస్యా?

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పరిశోధనకి, విమర్శకి న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. విశ్లేషించిన దృశ్యానికి ఒక బొమ్మ, కింద సీరియల్ పేరు, ఛానల్, ప్రసార తేదీ వేయండి. అలంకారానికి వేయకండి.

ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల పేర్లు మార్చితే చాలు కదా?

చిన్న ఊళ్లో చాలదు. "అంగన్‌వాడీ టీచర్, ఇద్దరు కూతుళ్లు, భర్త గల్ఫ్‌లో" అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది. సీరియల్ గురించి మాట్లాడుతూ మనుషులు తమ కాపురం గురించి చెప్పేస్తారు, అదే ఈ పనిలో విలువైనదీ అపాయకరమైనదీ. ఊరి పేరు మార్చండి, గుర్తుపట్టించే వివరం ఒకటి తీసెయ్యండి. టేపు రాసుకోవడం అయ్యాక వాళ్లకి చదివి వినిపించి, వద్దన్న మాట కొట్టేయండి.

వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) "పన్నెండు ఇళ్లతో ఏం తేలుతుంది" అని అడిగితే ఏం చెప్పాలి?

తెలుగువాళ్లంతా ఇలా చూస్తారని తేలదు, ఆ మాట మీరు ఎక్కడా రాయలేదని చూపించండి. తర్వాత మీ ఫీల్డ్ నోట్సు తెరిచి ఒక ఇల్లు చెప్పండి: టీవీ ఏ గోడకి ఉంది, వంటింట్లోంచి కనపడుతుందా, ఎనిమిదింటికి ఎవరు ఎక్కడ కూర్చున్నారు, కరెంటు పోతే ఏం మాట్లాడుకున్నారు. ఇలా ఎన్నిసార్లు వెళ్లారో తేదీలతో చెప్పండి. రెండో ఇంట్లో కనపడింది ఏడో ఇంట్లో ఎందుకు కనపడలేదో చెప్పండి. అది చెప్పగలిగిన విద్యార్థిని ఇళ్ల సంఖ్య గురించి రెండోసారి అడిగిన ఎగ్జామినర్‌ని నేనింతవరకు చూడలేదు.